అపార్ట్‌మెంట్ గొడవ: సంఘమా, బిల్డరా, పక్క ఫ్లాటా? ఎవరి మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

సంపులో నీళ్లున్నా మీ ఫ్లాట్‌కు మాత్రం వదలడం లేదు. నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నా లెక్క చూపమంటే కమిటీ మొహం చాటేస్తోంది. కార్పస్ ఫండ్ ఇదిగో అదిగో అంటూ బిల్డర్ ఏళ్లు గడిపేస్తున్నాడు. కింది ఫ్లాట్ ఆయన స్టిల్ట్‌లో గోడ లేపి గోడౌన్ చేసుకున్నారు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఇలాంటివి కొత్త కాదు.

ఇలాంటప్పుడు చాలామంది నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్తారు. లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడతారు. 'ఇది సివిల్ వ్యవహారం, కోర్టులో తేల్చుకోండి' అన్న జవాబుతో వెనక్కి వస్తారు. ఏ కోర్టో, అసలు కోర్టేనా అన్నది మాత్రం తెలియదు. ఇలా తిరిగే లోపు చట్టం ఇచ్చిన గడువు కరిగిపోతుంది. జీవితాంతం కూడబెట్టిన సొమ్ముతో కొన్న ఇంటి విషయంలో ఇది చిన్న నష్టం కాదు.

అందుకే ఫిర్యాదు రాయడానికి ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీ గొడవ ఎవరితో? మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టర్ అయింది? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎక్కడికి వెళ్లాలో దాదాపు తేలిపోయినట్టే.

ఒకే అపార్ట్‌మెంట్, మూడు ఫిర్యాదులు

ఉదాహరణకు 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి అనుకోండి. రెండేళ్ల కిందటే గృహప్రవేశాలు జరిగాయి. అప్పుడే పైకప్పు నుంచి నీరు కారుతోంది. పాత కమిటీ దిగిపోయినా బ్యాంకు పాస్‌బుక్కు, రసీదులు అప్పగించలేదు. ఒక యజమాని పార్కింగ్ స్థలంలో గది కట్టారు.

ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాసి ఒకే అధికారికి ఇస్తే ఏదీ కదలదు. నీటి కారుడు బిల్డర్ బాధ్యత, అది రెరాకు గానీ వినియోగదారుల కమిషన్‌కు గానీ వెళ్లాలి. లెక్కల గొడవ సంఘం అంతర్గత విషయం, అది జిల్లా కోర్టుకో సహకార శాఖకో వెళ్లాలి. పార్కింగ్‌లో గది ప్లాన్ ఉల్లంఘన, అది నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగం చూడాలి. మూడు అర్జీలు విడివిడిగా పెట్టుకోవాలి.

ముందుగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూడండి

సంఘం కార్యదర్శి దగ్గర రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాలు ఉండాలి. ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ చేసిన కార్యాలయంలో ఫీజు కట్టి నకళ్లు తీసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ మీద ఏ చట్టం పేరు ఉందో దాన్ని బట్టి మీ దారి మారుతుంది.

*సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 అని ఉంటే:* ఇలాంటి సంఘాలను రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖలోని జిల్లా రిజిస్ట్రార్ నమోదు చేస్తారు. ఈ చట్టంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది సెక్షన్ 23. కమిటీలో గానీ సభ్యుల మధ్య గానీ సంఘం వ్యవహారాలపై వివాదం వస్తే ఏ సభ్యుడైనా రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఒకటి, 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తి ద్వారా తేల్చుకోవడం. రెండు, జిల్లా కోర్టులో పిటిషన్ వేయడం. ఎన్నికలు సరిగ్గా జరగలేదన్నా, లెక్కలు చూపడం లేదన్నా, సర్వసభ్య సమావేశం పెట్టకుండానే తీర్మానం రాసుకున్నారన్నా ఈ సెక్షనే ఆధారం.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. జిల్లా రిజిస్ట్రార్ సంఘాన్ని నమోదు చేస్తారు, ఏటా కమిటీ సభ్యుల జాబితా తీసుకుంటారు. అంతమాత్రాన రెండు వర్గాలు 'మాదే అసలు కమిటీ' అని వస్తే ఎవరిది నిజమో తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. అది కోర్టు పని. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి మీకు పనికొచ్చేవి కాగితాలు: ఏ ఏడాది ఏ జాబితా దాఖలైంది, బైలాల్లో ఏం మార్చారు అన్న ధ్రువీకరించిన నకళ్లు. కోర్టులో మీ వాదన నిలబడేది వాటి మీదే.

*సహకార సంఘాల చట్టం, 1964 అని ఉంటే:* హౌసింగ్ సొసైటీగా స్థలం కొని ప్లాట్లు వేసుకున్న పాత కాలనీలు చాలా వరకు ఈ కోవలోకి వస్తాయి. ఈ సంఘాల్లో వివాదాన్ని సెక్షన్ 61 కింద సహకార శాఖ రిజిస్ట్రార్ అధికారాలున్న అధికారి ముందు పెట్టాలి. మీ అర్జీ చేరాల్సింది జిల్లా సహకార అధికారి కార్యాలయానికి. ఆయన స్వయంగా తేల్చవచ్చు, మధ్యవర్తికి అప్పగించవచ్చు. ఆ ఉత్తర్వు నచ్చకపోతే సెక్షన్ 76 కింద సహకార ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. నిధులు పక్కదారి పట్టాయన్న అనుమానం ఉంటే సెక్షన్ 51 కింద విచారణ కోరవచ్చు. నష్టం తేలితే బాధ్యుల నుంచి రాబట్టే ఏర్పాటు సెక్షన్ 60లో ఉంది. ఈ వివాదాలతో నేరుగా సివిల్ కోర్టుకు వెళ్తే, మా పరిధి కాదని కోర్టు తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

*పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 1995 అని ఉంటే:* ముందు బైలాల్లో రాసుకున్న పద్ధతిలో పరిష్కారం చూడాలి. అక్కడ తేలకపోతే సహకార ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి.

*అసలు రిజిస్ట్రేషనే లేకపోతే:* వాట్సాప్ గ్రూపుతో, ఒకరి సొంత బ్యాంకు ఖాతాతో నడిచే 'సంఘాలు' చిన్న అపార్ట్‌మెంట్లలో చాలానే ఉంటాయి. అలాంటి సంఘం తన పేరు మీద కోర్టుకెక్కలేదు. యజమానులే వ్యక్తిగతంగా సివిల్ కోర్టులో దావా వేయాలి. అందరి తరఫున కొందరు వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతి తీసుకోవాలి. ఏడుగురు కలిస్తే 2001 చట్టం కింద సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. గొడవ ముదరక ముందే ఆ పని చేసుకోవడం మేలు.

కోర్టు ఏ ఊళ్లో?

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. కలెక్టర్, ఎస్పీ కార్యాలయాలు విడిపోయాయి. దాన్ని చూసి కోర్టు పరిధి కూడా అలాగే ఉంటుందని లెక్క వేసుకోవద్దు. ఉమ్మడి జిల్లా కాలం నుంచీ ప్రధాన జిల్లా కోర్టు చిత్తూరులో ఉంది. తిరుపతి కోర్టు సముదాయంలో అదనపు జిల్లా కోర్టులు, సీనియర్, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులు ఉన్నాయి. మీ అపార్ట్‌మెంట్ ఉన్న ప్రాంతం ఏ కోర్టు కిందికి వస్తుందో పిటిషన్ తయారు చేసే ముందే న్యాయవాదిని అడిగి తేల్చుకోండి. నెల్లూరు జిల్లా నుంచి కలిసిన సూళ్లూరుపేట వైపు వారికి ఇది మరీ ముఖ్యం.

బిల్డర్‌తో గొడవైతే: రెరా

రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లో ప్రాజెక్టుల రిజిస్ట్రేషన్ నిబంధన 2017 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఫ్లాట్లు 8కి మించినా ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయాలి. ఆ తేదీకి నిర్మాణం పూర్తయినట్లు సర్టిఫికెట్ రాని ప్రాజెక్టులకూ ఇది వర్తిస్తుంది. మీ ప్రాజెక్టు ఉందో లేదో ఏపీ రెరా వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడవచ్చు.

ఈ చట్టం ప్రకారం బిల్డర్ నుంచి మీరు గట్టిగా అడగగలిగినవి ఇవి:

• స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం, పనితనంలో లోపం బయటపడితే, మీరు తెలియజేసిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇది సెక్షన్ 14లో ఉంది.

• సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో యజమానుల సంఘం ఏర్పడేలా చూడాలి. ఇందుకు స్థానిక చట్టంలో వేరే నిబంధన లేకపోతే ఇదే గడువు.

• సంఘం బాధ్యత తీసుకునే వరకు న్యాయమైన ఖర్చు వసూలు చేసుకుంటూ నీరు, లిఫ్టు వంటి సేవలు నడపాలి.

• ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ వచ్చాక 30 రోజుల్లో ప్లాన్లు, అనుమతులు, ఉమ్మడి స్థలాల కాగితాలు సంఘానికి అప్పగించాలి. స్థానిక చట్టంలో వేరే గడువు లేకుంటే మూడు నెలల్లో ఉమ్మడి స్థలాలను సంఘం పేరిట రిజిస్టర్ చేయాలి. ఇవి సెక్షన్ 17 నిబంధనలు.

సెక్షన్ 31 కింద ఒక్క యజమాని అయినా, సంఘమైనా ఫిర్యాదు చేయవచ్చు. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. పని పూర్తి చేయించడం, వడ్డీ, సొమ్ము వాపసు వంటివి అథారిటీ చూస్తుంది. నష్టపరిహారం కావాలంటే అడ్జుడికేటింగ్ అధికారి ముందు విడిగా అడగాలి. ఉత్తర్వు మీద 60 రోజుల్లో అప్పీలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. బిల్డర్ డబ్బు కట్టకపోతే దాన్ని భూమి శిస్తు బకాయిలా రెవెన్యూ యంత్రాంగం ద్వారా వసూలు చేసే వీలు సెక్షన్ 40లో ఉంది. తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లకు ఈ వ్యవహారంలో పని పడేది ఈ దశలోనే.

యజమానికీ యజమానికీ మధ్య, లేదా సభ్యుడికీ కమిటీకీ మధ్య గొడవను రెరా చూడదు. బిల్డర్, ఏజెంట్, కొనుగోలుదారు మధ్య వ్యవహారమే దాని పరిధి.

వినియోగదారుల కమిషన్ ఎప్పుడు?

బిల్డర్ మీద రెరాతో పాటు ఉన్న మరో దారి వినియోగదారుల కమిషన్. రెరా చట్టం వచ్చినంత మాత్రాన ఈ దారి మూసుకుపోలేదని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాత ప్రాజెక్టు కాబట్టి రెరా పరిధిలోకి రాని వారికి ఇది ముఖ్యమైన ఆధారం.

జిల్లా కమిషన్లు చిత్తూరులో ఒకటి, తిరుపతిలో ఒకటి ఉన్నాయి. ఫ్లాట్‌కు మీరు చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లో, అంతకు మించి రూ.2 కోట్ల వరకు ఉంటే విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది చెల్లించిన ధర. మీరు అడిగే పరిహారం ఎంతన్నది పరిధిని నిర్ణయించదు. ఫీజు కూడా తక్కువే: రూ.5 లక్షల వరకు ఏమీ లేదు, రూ.10 లక్షల వరకు రూ.200, రూ.20 లక్షల వరకు రూ.400, రూ.50 లక్షల వరకు రూ.1,000. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేయవచ్చు.

గడువు రెండేళ్లు. అయితే ఓసీ ఇవ్వకపోవడం లాంటి తప్పు ప్రతిరోజూ కొనసాగుతున్నట్టే లెక్క అని 2022 జనవరిలో సమృద్ధి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముంబైకి చెందిన ఆ సొసైటీలో ఓసీ లేనందువల్ల నివాసులు 25 శాతం ఎక్కువ ఆస్తి పన్ను, 50 శాతం ఎక్కువ నీటి చార్జీలు కట్టాల్సి వచ్చింది. మీ బిల్డర్ కూడా ఓసీ ఇవ్వకుండా వెళ్లిపోయి ఉంటే ఈ తీర్పు మీ న్యాయవాదికి గుర్తుచేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అపార్ట్‌మెంట్ చట్టం ప్రకారం తప్పనిసరిగా ఏర్పడిన సంఘం 'స్వచ్ఛంద వినియోగదారుల సంఘం' కిందికి రాదని 2020లో శోభా హిబిస్కస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది కర్ణాటక చట్టం మీద వచ్చిన తీర్పు. అయినా బిల్డర్ తరఫు వారు దాన్ని ఎత్తిచూపవచ్చు. కాబట్టి కమిషన్‌కు వెళ్లేటప్పుడు సంఘం పేరు మీద కాకుండా యజమానులు కలిసి ఉమ్మడిగా వేయడం క్షేమం. రెరాలో ఈ ఇబ్బంది లేదు, అక్కడ సంఘం ఫిర్యాదు చేయవచ్చని చట్టమే చెబుతోంది.

నగరపాలక సంస్థ, తుడా ఏం చూస్తాయి?

ప్లాన్‌కు విరుద్ధంగా ఏం జరిగినా మీ మొదటి మెట్టు స్థానిక సంస్థే. పార్కింగ్‌లో గది, టెర్రస్ మీద అనుమతి లేని అంతస్తు, సెట్‌బ్యాక్‌లో షెడ్డు, నివాస ఫ్లాట్‌లో వ్యాపారం లాంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. తిరుపతిలో మరో సమస్య కూడా ఉంది. నివాసానికి అనుమతి తీసుకున్న ఫ్లాట్లను భక్తులకు రోజువారీ అద్దెకు ఇస్తుంటారు. రాత్రీపగలూ కొత్త మనుషులు, కిక్కిరిసిన లిఫ్టు, చాలని నీళ్లతో మిగతా కుటుంబాలు ఇబ్బంది పడతాయి. బైలాల్లో దీనిపై నిబంధన ఉంటే సంఘం ద్వారా, వాడకం మారిందన్న కారణంతో టౌన్ ప్లానింగ్ ద్వారా రెండు వైపులా ఫిర్యాదు చేయవచ్చు.

ఎవరికి ఇవ్వాలన్నది ప్లాన్ మంజూరు పత్రం మీదే ఉంటుంది. నగరంలో అయితే తిరుపతి లేదా చిత్తూరు నగరపాలక సంస్థ. నగరం అంచుల్లో పంచాయతీ పరిధిలో ఉన్న అపార్ట్‌మెంట్ల పత్రాల మీద తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే తుడా పేరు కనిపించవచ్చు. అనుమతి ఇచ్చిన కార్యాలయానికే ఉల్లంఘన ఫిర్యాదు ఇవ్వండి. నగరంలో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి కూడా ఒక నకలు ఇచ్చి రసీదు తీసుకోండి. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో అక్రమ కట్టడానికి నోటీసు ఇవ్వడానికి సెక్షన్ 452, తొలగించడానికి సెక్షన్ 636 ఉన్నాయి.

మంజూరైన ప్లాన్, ఓసీ మీ దగ్గర లేకపోతే సమాచార హక్కు చట్టం కింద రూ.10 ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. నోటీసు ఇచ్చి ఊరుకున్నా, అసలు కదలకపోయినా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. 'మీకోసం' వెబ్‌సైట్‌లోనూ నమోదు చేయవచ్చు, స్థితి తెలుసుకోవడానికి 1100కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ చలనం లేకపోతే అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. చట్టప్రకారం పని చేయమని స్థానిక సంస్థను ఆదేశించమని అడగడానికే రిట్ పనికొస్తుంది. సంఘంతో సొంత తగాదాకు సాధారణంగా పనికిరాదు.

నీళ్లు, కరెంటు ఆపేస్తే?

మెయింటెనెన్స్ బాకీ ఉంది కాబట్టి నీళ్లు బంద్ అనే కమిటీలు ఉన్నాయి. బాకీ వసూలుకు చట్టబద్ధమైన దారి ఉన్నప్పుడు ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి నీళ్లు ఆపడం కోర్టు ముందు నిలబడటం కష్టం. మీకు ఇలా జరిగితే స్థానిక సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేసి, అందులోనే అత్యవసరంగా మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఎప్పటి నుంచి ఆపారో తేదీలతో సహా రాసుకోండి. ట్యాంకర్‌కు పెట్టిన ఖర్చు రసీదులు దాచండి. ఫోటోలు, వాట్సాప్ మెసేజీలు చెరపవద్దు.

కరెంటు సంగతి ఇంకా స్పష్టం. మీ ఫ్లాట్ మీటరు మీకూ విద్యుత్ సంస్థకూ మధ్య ఒప్పందం. విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 56 ప్రకారం కరెంటు బిల్లు బాకీ ఉంటే 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చి విద్యుత్ సంస్థ మాత్రమే సరఫరా ఆపగలదు. సంఘం వాళ్లు ఫ్యూజు తీసేస్తే 1912కు ఫోన్ చేయండి. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక కూడా అక్కడే. దాని మీద విజయవాడలోని విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. కామన్ మీటరు బిల్లు సంఘం కట్టకపోతే మోటారు, లిఫ్టు ఆగిపోతాయి. అది సంఘం లోపం కిందే లెక్క.

వేసవిలో బోరు ఎండితే మరో బోరు వేయాలని కొందరు, వద్దని కొందరు పట్టుపడతారు. వాల్టా చట్టం, 2002 ప్రకారం కొత్త బోరుకు అనుమతి అవసరం. ప్రజలకు తాగునీరిచ్చే వనరుకు 250 మీటర్ల లోపు అయితే మరింత కట్టుదిట్టం. తీర్మానం చేసే ముందు తహసీల్దారు కార్యాలయంలో విచారించండి.

పార్కింగ్ ఎవరిది?

స్టిల్ట్ పార్కింగ్‌ను ఫ్లాట్‌తో సంబంధం లేకుండా విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని 2010లో నహాల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చినా దేశమంతా ఉదహరిస్తున్నారు. రెరా చట్టం కూడా ఖాళీ స్థలంలోని పార్కింగ్‌ను ఉమ్మడి స్థలంగా లెక్కిస్తోంది. కాబట్టి ముందు మీ సేల్ డీడ్‌లో ఏం రాశారో, ప్లాన్‌లో ఎన్ని పార్కింగ్‌లు చూపారో చూడండి. కేటాయింపు మీద సభ్యుల మధ్య గొడవైతే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసుకోండి. కుదరకపోతే సంఘం చట్టం చెప్పిన వేదికకు వెళ్లండి. గోడ కట్టేసి ఉంటే టౌన్ ప్లానింగ్‌కు ఇవ్వండి.

మీరు కమిటీలో ఉంటే

బాకీదారుతో కమిటీకీ ఇబ్బందే. ఒకరిద్దరు కట్టకపోతే వాచ్‌మన్ జీతం, లిఫ్టు మరమ్మతు మిగతావారి మీద పడుతుంది. ఫ్లాట్ తాళం వేసి ఉంది, మేం వాడటం లేదు అన్నది ఎగ్గొట్టడానికి కారణం కాదు. ఉమ్మడి స్థలంలో విభజించని వాటా ఉన్న ప్రతి యజమానికీ ఖర్చులోనూ వాటా ఉంటుంది. వసూలుకు ఈ వరుస పాటించండి: బాకీ వివరాలతో రాతపూర్వక నోటీసు, బైలాల్లో ఉన్న మేరకే వడ్డీ, సర్వసభ్య సమావేశంలో తీర్మానం, ఆ తర్వాత దావా. సహకార సంఘమైతే ఆ శాఖ ద్వారా వసూలు. డబ్బు వసూలు దావాకు సాధారణ గడువు మూడేళ్లు. ఏళ్ల తరబడి ఊరుకుంటే పాత బాకీ చేజారుతుంది.

ఎదుటివారు కోర్టుకు వెళ్లి మీ మాట వినకుండానే స్టే తెచ్చుకుంటారన్న భయం ఉంటే ముందుగానే కేవియట్ వేయవచ్చు. అది 90 రోజులు చెల్లుతుంది.

పోలీసుల దగ్గరికి ఎప్పుడు?

లెక్క చూపకపోవడం ఒక్కటే నేరం కాదు. కానీ సంఘం డబ్బు సొంతానికి వాడుకున్నట్టు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే నమ్మకద్రోహం. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కిందికి వస్తుంది. మోసానికి సెక్షన్ 318, బెదిరింపులకు సెక్షన్ 351 ఉన్నాయి. ఇలాంటివి ఉంటే ఆధారాలతో స్టేషన్‌కు వెళ్లండి. ఫిర్యాదు తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి పంపండి, ఆపై మేజిస్ట్రేట్ కోర్టును ఆశ్రయించండి.

డ్రైనేజీ పొంగి దారి మీద పారడం, కూలేలా ఉన్న గోడ వంటి పదిమందికీ ఇబ్బంది కలిగించే వాటికి మరో దారి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ తొలగింపు ఉత్తర్వు ఇవ్వగలరు.

రాజీకి లోక్ అదాలత్

రేపు కూడా అదే లిఫ్టులో ఎదురుపడాల్సిన మనుషులతో ఏళ్ల తరబడి కేసు నడపడం ఎవరికీ సుఖం కాదు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు చేయవచ్చు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, తిరుపతి వారు అక్కడి కోర్టు సముదాయంలో విచారించవచ్చు. సహాయానికి 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా, ఎస్సీ, ఎస్టీలకు కూడా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకం పెట్టే ముందు ప్రతి షరతూ చదవండి: ఎంత మొత్తం, ఏ తేదీలోపు, కట్టకపోతే ఏమిటి అన్నవి స్పష్టంగా ఉండాలి.

ఒక్క చూపులో

• కమిటీ ఎన్నిక, లెక్కలు: 2001 చట్టం కింద సంఘమైతే జిల్లా కోర్టు లేదా మధ్యవర్తి. 1964 చట్టమైతే జిల్లా సహకార అధికారి.

• లీకేజీ, కాగితాలు ఇవ్వకపోవడం, ఓసీ: రెరా లేదా వినియోగదారుల కమిషన్.

• ప్లాన్ ఉల్లంఘన: నగరపాలక సంస్థ లేదా తుడా.

• నీళ్లు ఆపడం: సివిల్ కోర్టులో ఇంజంక్షన్.

• కరెంటు: 1912, ఆపై వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక.

• బెదిరింపు, డబ్బు కాజేయడం: పోలీసులు.

• గడువులు: వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్లు, డబ్బు వసూలుకు 3 ఏళ్లు, నిర్మాణ లోపాలకు స్వాధీనం నుంచి 5 ఏళ్లు.

దాచుకోవాల్సిన కాగితాలు

సేల్ డీడ్, బిల్డర్‌తో ఒప్పందం, స్వాధీన పత్రం, మంజూరైన ప్లాన్, ఓసీ, సంఘం సర్టిఫికెట్, బైలాలు, మెయింటెనెన్స్ రసీదులు, సమావేశాల మినిట్స్ ఒక ఫైలులో పెట్టుకోండి. చేతికి డబ్బు ఇవ్వకుండా బ్యాంకు ద్వారానే కట్టండి. నోటి మాటగా అడిగినవన్నీ ఒకసారి రాతలో పెట్టి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఉంచుకోండి. జవాబు ఇవ్వడానికి 15 రోజులు గడువు పెట్టండి.

పొరపాటున పరిధి లేని కోర్టులో వేసి కొంతకాలం పోయినా, మీరు నిజాయతీగా, శ్రద్ధగా నడిపారని చూపగలిగితే ఆ కాలాన్ని గడువు లెక్క నుంచి మినహాయించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద అడగవచ్చు. ఆఫీసుల చుట్టూ అర్జీలతో తిరిగిన కాలానికి ఆ మినహాయింపు దొరుకుతుందని అనుకోవద్దు. కాబట్టి సంఘం సర్టిఫికెట్ మీద ఏ చట్టం ఉందో, స్వాధీన పత్రం మీద ఏ తేదీ ఉందో ఈరోజే చూసుకోండి.